పాత కారు పలికే చరిత్ర

పాత శాసనాలను వెదికేవారికి ఒక బాధ తెలుసు. ఫలానా గుడి గోడమీద వ్రాత ఉన్నదని విని, ఎండలో పడి వెళ్లి చూస్తే, ఉత్సవానికి ముందు ఊరివారు ఎంతో భక్తితో దానికి దట్టంగా సున్నం కొట్టి ఉంటారు. గుడి తెల్లగా మెరుస్తూ ఉంటుంది. శాసనం మాత్రం మూగపోయి ఉంటుంది. చెరపవలెనని ఎవరూ చెరపలేదు. బాగుచేయవలెనని చెరిపినారు.

ఈ విషయంలో మన కోలారు సీమ కొంత అదృష్టం చేసుకొన్నది. బి. ఎల్. రైస్ గారు మైసూరు రాజ్యమంతటా శాసనాలు సేకరించి 'ఎపిగ్రాఫియా కర్నాటికా' అనే పేర సంపుటాలుగా అచ్చువేయించినప్పుడు, పదవ సంపుటాన్ని కోలారు జిల్లాకే కేటాయించినారు. అది 1905లో వెలువడినది. నేటి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 2007లో గదా చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినది. రాతిమీద ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాసుకొన్నందువల్ల, తరువాత రాయి పగిలినా పాఠం మిగిలింది.

రాతికి చెల్లిన ఈ న్యాయమే ఇనుముకూ చెల్లుతుందని చెప్పడానికే ఈ వ్యాసం. విషయం పాత కారు. రంగు వేసి తళతళలాడించి ప్రదర్శనలో నిలిపిన కారు కాదు. కొట్టంలోనో, చింతచెట్టు క్రిందనో, ఏనాడు ఆగినదో ఆనాటి స్థితిలోనే దుమ్ము కప్పుకొని ఉన్న కారు. అటువంటిదానిని కొనబోయే ముందు ఎట్లా చూడవలెను? ఇది ధనవంతుల వేడుక అని త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పండుగకు స్వగ్రామం పోయినప్పుడు, "తాతగారి కారును ఎవరో అడుగుతున్నారు, ఇచ్చేద్దామా?" అనే మాట మన ఇండ్లలో వినవచ్చేదే. కొనేవాడు మనవాడు కావచ్చు. అమ్మేవాడు మనవాడు కావచ్చు. చూచే పద్ధతి తెలియకపోతే ఒకడు డబ్బు పోగొట్టుకొంటాడు. ఇద్దరూ కలిసి చరిత్రను పోగొడతారు.

బండ్లు వచ్చిన దారి

వస్తువును పరీక్షించడానికి ముందు, అది ఏ కాలంలో ఏ దారిన వచ్చి ఉండవచ్చునో తెలిసి ఉండవలెను. ఈ మూడు తాలూకాల ఉనికి ఒక విశేషం. ఒక ప్రక్క బెంగుళూరు, మరొక ప్రక్క హిందూపురం, కదిరి, మదనపల్లె. ఆంగ్లేయుల కాలంలో ఇవతల మైసూరు సంస్థానం, అవతల చెన్నరాజధాని. ఇండ్లలో మాట తెలుగే అయినా దొరతనాలు వేరు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి సన్నగేజి రైలు చింతామణి, చిక్కబళ్ళాపురాలవైపు వచ్చినది గాని, బాగేపల్లికి ఆ భాగ్యం పట్టలేదు. చిత్రావతి ఒడ్డున ఉన్న ఆ ఊరికి ఎద్దుబండి తరువాత మోటారే దిక్కు.

మొదట వచ్చిన కార్లన్నీ విదేశాలలో పుట్టినవే. ఫోర్డు మోడల్ టి 1908 నుండి 1927 వరకు తయారైనది. కోటిన్నరకు పైగా బండ్లు వెలువడినవి. దాని తరువాతిది మోడల్ ఏ, 1927 చివరలో వచ్చి 1931 వరకు నడిచినది. మన దేశానికి ఫోర్డు బండ్లు ఎక్కువగా కెనడానుండి వచ్చినవి. బ్రిటన్ తప్ప తక్కిన ఆంగ్ల సామ్రాజ్యంలో వ్యాపారం కెనడా ఫోర్డు సంస్థ చేతిలో ఉండేది. ఆ సంస్థ 1926లో ఇండియాలో తన శాఖను స్థాపించినది. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో బండ్లు బిగించడం ఆరంభించినారు. షెవర్లే కార్లు ఆ విధంగా దేశమంతటా వ్యాపించినవి. ఇంగ్లండునుండి 1922 మొదలు ఆస్టిన్ సెవెన్, 1935 మొదలు మోరిస్ ఎయిట్ వంటి చిన్న బండ్లు వచ్చినవి.

ఇక స్వదేశంలోనే కారు తయారుకావలెనని పట్టుబట్టిన మొదటివారిలో ఒకరు ఈ మట్టిలో పుట్టినవారే. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మస్థలం చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళి. ఇంటిపేరు చెప్పుతున్నట్లే వారి పూర్వులది ఆంధ్రదేశంలోని మోక్షగుండం. అంటే వారిదీ మనవంటి వలస వచ్చిన కుటుంబమే. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా ఉండి, పదవి విడిచిన చాల ఏండ్ల తరువాత, 1930 దశకంలో ఆయన ఐరోపా, అమెరికాలు తిరిగి కార్ఖానాలు పరిశీలించి, బొంబాయిలో మోటారు కార్ల పరిశ్రమ స్థాపించడానికి ఒక పథకం సిద్ధంచేసినారు. ఆనాటి భారత ప్రభుత్వం చేయూతనీయలేదు. ఆ ప్రయత్నంలో పాలుపంచుకొన్న వాల్‌చంద్ హీరాచంద్ గారే 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించినారు. అంతకు రెండేండ్ల ముందు, 1942లో, బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ ఏర్పడినది. మదరాసులో స్టాండర్డ్ సంస్థ వ్యాన్‌గార్డ్ బండ్లు తయారుచేసినది. విదేశీ భాగాలు తెచ్చి బిగించడమే తప్ప ఇక్కడ తయారుచేయదలచని సంస్థలు తప్పుకోవలెనని 1953లో ప్రభుత్వం నిర్ణయించగా, జనరల్ మోటార్సు 1954లో వెళ్లిపోయినది. ఆ తరువాత మన రోడ్లమీద ఫియట్ 1100, ల్యాండ్‌మాస్టర్, 1957 నుండి అంబాసిడర్ రాజ్యం చేసినవి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగినది.

'వింటేజి' అనే మాటకు రెండర్థాలున్నవి. ఇంగ్లండులోని ఔత్సాహికుల లెక్కలో 1919 నుండి 1930 చివరివరకు తయారైనదే వింటేజి. మన చట్టం లెక్క వేరు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాడకపు బండి వింటేజి వాహనం. కాబట్టి తాతగారి 1962 అంబాసిడరు కూడ చట్టం దృష్టిలో గౌరవం పొందదగినదే. ఆ నిబంధనలలో ఒక షరతును మన పాఠకులు గుర్తుంచుకోవలెను: చట్రం, బాడీ, ఇంజనులను గణనీయంగా మార్చివేసిన బండి ఈ గౌరవానికి నోచుకోదు. అసలు స్థితికి విలువ ఉన్నదని చట్టమే ఒప్పుకొన్నదన్నమాట.

మొదటి చూపు

బండి దగ్గరకు పోగానే అమ్మేవారు చేయబోయే పని ఒకటి ఉన్నది: బక్కెటెడు నీళ్లు తెచ్చి కడగడం. దానిని మర్యాదగా ఆపవలెను. దుమ్ము కూడ సాక్ష్యమే. బండి ఎన్నేండ్లుగా కదలలేదో, వాన ఏ మూలనుండి కారినదో, ఈమధ్య ఎవరైనా బోనెట్ ఎత్తినారో లేదో దుమ్ము చెప్పుతుంది. ఉన్నదున్నట్లు నాలుగు ప్రక్కలా, లోపలా, క్రిందా ఫొటోలు తీయవలెను. సీటు క్రింద చేయి పెట్టే ముందు కర్రతో తట్టవలెను. ఏండ్ల తరబడి కదలని బండిలో పాము కాపురం ఉండడం మన పల్లెలలో వింత కాదు.

ఆ తరువాత లేనివి ఏవో లెక్కవేయవలెను. కంటికి కనిపించే తుప్పుకంటే కనిపించని భాగం ఖరీదు ఎక్కువ. తుప్పును గీకవచ్చు, రేకును అతకవచ్చు; పోయిన దీపపు చట్రం, రేడియేటరు మూత, స్పీడు చూపే గడియారం, తలుపు పిడి, పేరు బిళ్ల ఎక్కడనుండి తెస్తాము? అందుచేత బండి దగ్గర ఆగక అటక మీదా, ధాన్యపు గదిలోనూ, బావిగట్టు మోటారు కొట్టులోనూ వెదకమని ఇంటివారిని బతిమాలవలెను. ఆనాటి డ్రైవరు ఊడదీసి భద్రంగా దాచిన భాగాలు గోనెసంచిలో మూటకట్టి ఉండవచ్చు. ఆ సంచితో సహా బేరమాడవలెను.

కాగితాలు

ఇనుముకంటే ముందు కాగితం చూడవలెనని మా మతం. మన దేశంలో మోటారు వాహనాలకు 1914లో ఒక చట్టం, 1939లో మరొకటి, 1988లో ఇప్పటి చట్టం వచ్చినవి. బండి వయసునుబట్టి దాని కాగితం ఏ చట్టం క్రింద పుట్టినదో ఊహించవచ్చు. బాగేపల్లిలో ఒకే కొట్టంలో కదలక ఉన్న బండి కూడ కాగితం మీద ఎంతో ప్రయాణం చేసి ఉంటుంది. మైసూరు సంస్థానం మైసూరు రాష్ట్రమైనది. 1973లో కర్ణాటక అయినది. కోలారు జిల్లా చీలినది. మైసూరు నంబర్లు 'ఎం.వై.' అక్షరాలతో మొదలయ్యేవి. నేటి చిక్కబళ్ళాపురం బండ్లది 'కె.ఏ. 40'. ఇక మదనపల్లెలోనో అనంతపురంలోనో కొని తెచ్చిన బండికి చెన్నరాజధాని నంబరు ముందు, మైసూరు నంబరు తరువాత ఉండవచ్చు. నంబరు పలకమీద పాత అంకెల ఆనవాలు రంగు క్రింద కనపడితే గోకక, ఏటవాలుగా దీపం పట్టి చదువవలెను.

రిజిస్ట్రేషను పుస్తకంలోని ఇంజను నంబరూ, చట్రపు నంబరూ ఇనుముమీద చెక్కిన నంబర్లతో అక్షరాక్షరం సరిపోవలెను. పోల్చేటప్పుడు పుస్తకం చూచి ఇనుమును చదువరాదు. కన్ను చూడదలచినదే చూస్తుంది. ముందు ఇనుమును చదివి కాగితంపై వ్రాసుకొని, తరువాత పుస్తకం తెరవవలెను. అంకెల చుట్టు ఆకురాయి గీతలు ఉన్నా, ఒక అంకె వరుస తప్పినా, అచ్చటి లోహం మాత్రం కొత్తగా మెరుస్తున్నా ఆగి ఆలోచించవలసినదే.

సొంతదారు గతించి ఉంటే వారసులెవరెవరో అడగవలెను. ఒక కొడుకు పల్లెలో, ఒకడు బెంగుళూరులో, కూతురు అమెరికాలో ఉండడం నేటి మన కుటుంబాల తీరు. ఒక్కరి మాటమీద డబ్బిచ్చి బండి లాగుకొనిపోయి, తరువాత తక్కినవారి నోటీసు అందుకొనడంకంటే, అందరి సంతకాలు వచ్చేదాక నెల ఆగడం మేలు. బ్యాంకు బాకీ, కట్టని పన్ను, కోర్టు తగాదా ఏదైనా ఉన్నదేమో రవాణా కార్యాలయంలో విచారించుకోవలెను.

చట్రం, చెక్క, రంగు

కాగితం తృప్తినిస్తే నేలమీద చాప పరచుకొని బండి క్రిందికి దూరవలసినదే. చట్రం బండికి వెన్నెముక. స్ప్రింగు పట్టీలు తగిలించిన చోట్ల పగుళ్లు ఉన్నవేమో, రివెట్టులకు బదులు బోల్టులు ఎక్కినవేమో, వెల్డింగు అతుకులు ఉన్నవేమో చూడవలెను. చట్రం వంకర పోయినదా అని తెలుసుకొనడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. మేస్త్రీలు ఇంటి పునాదికి మూలమట్టం చూచినట్లు, ముందు ఎడమమూలనుండి వెనుక కుడిమూలకు ఒక దారం, ముందు కుడినుండి వెనుక ఎడమకు ఒక దారం పట్టి కొలిస్తే చాలు. రెండు కొలతలు ఒకటి కాకపోతే ఆ బండి ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నది.

1920, 30లలోని చాల బండ్లకు పైకి రేకు కనపడినా లోపలి ఎముకలు చెక్కవి. మన సీమలో చెక్కకు చెదలు శత్రువు. తలుపు తెరచి కొంచెం పైకెత్తి చూడవలెను. కీలు బాగుండీ తలుపు జారుతున్నదంటే లోపలి నిలువు చెక్క పిండి అయినదన్నమాట. కనపడని చోట సన్నని సూదిమొనతో మెల్లగా పొడిస్తే తెలుస్తుంది: మంచి చెక్క ఎదురుతిరుగుతుంది, చెడినది వెన్నలా లొంగుతుంది.

రేకుకు సన్నని గుడ్డ చుట్టిన అయస్కాంతం పట్టి చూడవలెను. ఇనుపరేకు ఉన్నచోట అది అంటుకొంటుంది. లప్పం దట్టంగా మెత్తినచోట జారిపోతుంది. అయితే అల్యూమినియం రేకులున్న బండ్లూ కలవు. అయస్కాంతం పట్టలేదని ప్రతిదానినీ లప్పమనుకోరాదు. రంగు విషయం కూడ ఇట్లే. బయట ఎన్ని పూతలు పడినా, సీటు క్రింద, ముందరి పలక వెనుక, తలుపు అంచున మొదటి రంగు దాగి ఉంటుంది. ఫోర్డు మోడల్ టి 1914 నుండి 1925 వరకు నల్లరంగులోనే వచ్చినది. ఆ కాలపు బండి అడుగున ఎరుపు కనపడితే ఆ భాగం వేరే బండిదేమో అని అనుమానించవలసినదే.

రెండవ ప్రపంచయుద్ధం వేసిన ముద్రలు కొన్ని ఉంటవి. పెట్రోలుకు కొరత వచ్చి రేషను పెట్టినప్పుడు బస్సులకూ, లారీలకూ, కొన్ని కార్లకూ బొగ్గు గ్యాసు కొలుములు తగిలించినారు. చట్రం వెనుకభాగాన అర్థంకాని రంధ్రాలు, పట్టీలు, మసి ఉంటే అవి ఆ కొలుము గుర్తులు కావచ్చు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం, కాకినాడలమీద జపాను బాంబులు పడిన రోజులలో తీరపు పట్టణాల దీపాలు మసకబార్చినారు. పైసగం నలుపు పూసిన దీపపు గాజు దొరికితే అది ఆ భయపు రాత్రుల జ్ఞాపకం. పనివాడు అటువంటి రంధ్రాన్ని పూడుస్తాడు, ఆ నలుపును తుడుస్తాడు. అది సున్నం కొట్టిన శాసనమే.

ఇంజను

"బ్యాటరీ పెట్టి కొట్టితే ఇప్పుడే స్టార్టవుతుంది" అని ఎవరైనా అంటే చేతులు జోడించి వద్దనవలెను. ట్రాక్టరుకు కట్టి లాగించడం అసలే కూడదు. ఏండ్ల తరబడి కదలని ఇంజనులో పిస్టనులు గోడలకు కరచుకొని ఉంటవి. ఒక్క గుంజుకు విరుగుతవి.

ముందు నూనె పుల్ల తీసి చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబారి ఉంటే అందులో నీరు కలిసినది. రేడియేటరులో నూనె తేలుతున్నా గాస్కెటో, ఇంజను దిమ్మయో చెడినదని అనుమానించవలెను. మన జిల్లాలో జీవనది లేదు. లోతు బోర్ల నీటిలో ఉప్పులు ఎక్కువ. ఆ నీళ్లే పోసి నడిపిన బండి రేడియేటరు గొట్టాలలో తెల్లని గార పేరుకొని ఉంటుంది. తరువాత ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క రంధ్రంలో కొంచెం పలుచని నూనె పోసి, రెండు మూడు దినాలు ఆగి, గేరు తప్పించి, ముందరి హ్యాండిలును చేతితో మెల్లగా త్రిప్పవలెను. తిరిగితే శుభం. తిరుగకపోతే బేరం చెడనక్కరలేదు గాని ధర తగ్గవలెను. పాత ఫోర్డులలో బేరింగులు తెల్లలోహం కరిగించి పోసినవి. వాటిని మరల పోసి సరిగా చెక్కగల పనివారు నేడు అరుదు. నూనె తొట్టి అడుగున వెండి రజనువంటి పొడి కనపడితే ఆ ఖర్చు తప్పదు.

మోడల్ ఏ పెట్రోలు తొట్టి కూర్చున్నవారి మోకాళ్లకు ఎదురుగా, ముందుపలక లోపలనే ఉంటుంది. అందులో తుప్పు ఉన్నా, ఎలుకలు కొరికిన గుడ్డచుట్టు తీగెలు దానికి దగ్గరగా ఉన్నా ప్రాణాపాయం. దాని బ్రేకులు నూనెతో పనిచేసేవి కావు, ఇనుపకమ్మీలతో లాగేవి; ఒక్కొక్క కీలు అరిగినదేమో చేతితో కదిపి చూడవలెను. నేడు బంకులలో దొరికే పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వరకు ఇథనాలు కలుస్తున్నది. అది తేమను పీల్చుకొంటుంది, పాత రబ్బరును తింటుంది. ఈ ఖర్చులన్నీ కొనకముందే లెక్కలో వేసుకోవలెను.

ఒక ఉదాహరణ

ఈ పరీక్షలన్నీ కలిపి చూస్తే ఏమి తేలుతుందో ఒక ఊహవలన చెప్పుతాము. చింతామణికి ఆమడ దూరంలో ఒక పల్లెలో ఫోర్డు మోడల్ ఏ ఉన్నదనుకొందాము. "ఇది 1928 బండి, మా తాతగారు కొత్తది కొన్నారు" అని ఇంటివారంటారు. చూస్తే చక్రాలు 19 అంగుళాలవి. 1928, 29 బండ్లకు 21 అంగుళాల చక్రాలుండేవి. 19 అంగుళాలు 1930, 31లవి. ఇంటివారు అబద్ధమాడినట్లేనా? తొందరపడరాదు. టైర్లు దొరకక తరువాత చక్రాలు మార్చి ఉండవచ్చు. రేడియేటరు ముందరి తొడుగు చూడవలెను. తొలి రెండేండ్లలో దానికి నికెలు పూత. తరువాత అది ఎత్తు పెరిగి తుప్పుపట్టని ఉక్కుతో వచ్చినది. ఇక్కడ తొడుగు నికెలుదే. అంటే బండి పాతది, చక్రాలు కొత్తవి.

ఇంజను నంబరు దిమ్మకు ఎడమప్రక్క చెక్కి ఉంటుంది. చట్రంమీది నంబరు బాడీ క్రింద దాగి, బాడీ ఎత్తితే గాని పూర్తిగా కనపడదు. ఇంజను నంబరు పుస్తకంతో సరిపోయినది. నంబర్లను నెలలతో జోడించే పట్టికలు ఔత్సాహికుల వద్ద ఉన్నవి. అయితే కెనడా బండికి కెనడా పట్టికే చూడవలెను. పుస్తకం మాత్రం 1940లో మొదలైనది, అందులో తాతగారి పేరు రెండవది. అంటే కొత్తది కొనలేదు, ఎవరివద్దనో కొన్నారు. చట్రం వెనుక నాలుగు రంధ్రాలు, మసి. అంటే యుద్ధకాలంలో బొగ్గుతో నడిచినది.

ఇప్పుడు ఆ బండి కథ ఇంటివారు చెప్పినదానికంటే చిన్నదైనదా? మా దృష్టిలో పెద్దదైనది. పెట్రోలు లేని రోజులలో బొగ్గు వేసుకొని, తరువాత దొరికిన చక్రాలు తగిలించుకొని, పల్లెలో పని ఆగకుండా తిరిగిన బండి అది. ఎవరైనా దానిని 'బాగుచేయించి' 21 అంగుళాల చక్రాలు వేసి, రంధ్రాలు పూడ్చి, మెరుగు పెట్టితే అది అమెరికా పుస్తకంలోని బొమ్మవలె ఉంటుంది. చింతామణి బండి మాత్రం ఉండదు.

విప్పడం, మిగల్చడం

పాత యంత్రాన్ని ముట్టుకోరాదని మేము చెప్పడం లేదు. తెలుగువారి ప్రవాస చరిత్రలోనే దీనికి మంచి దృష్టాంతం ఉన్నది. కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి. డి. నాయుడుగారు చిన్నతనంలో ఒక ఆంగ్లేయ అధికారి రడ్జి మోటారుసైకిలు చూచి ముచ్చటపడి, హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ బండినే కొని, భాగభాగంగా విప్పి మరల బిగించి మోటారు విద్య నేర్చుకొన్నారు. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచి, పళనిల మధ్య మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించినారు. కోయంబత్తూరులో వారి పేర వెలసిన కార్ల మ్యూజియంలో నేడు ఎన్నో పాత బండ్లు చూడవచ్చు. విప్పినవాడికి మరల బిగించే ఓపిక ఉండవలెనన్నదే ఆ కథలోని నీతి.

హైదరాబాదు పోయినవారు చౌమహల్లా భవనంలో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ చూచే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆజ్ఞ ఇచ్చి చేయించినది; అది చేరకముందే 1911లో ఆయన గతించినారు. తరువాత అది ఎంతో తక్కువ దూరం తిరిగి, దశాబ్దాలపాటు ఊరక నిలిచి, ఈ కాలంలో పునరుద్ధరింపబడినది. రాజుగారి సింహాసనపు బండికి ఆ వైభవం తగినదే. దాని చరిత్ర వ్రాసి పెట్టినవారు ఎందరో ఉన్నారు. పల్లె బండికి అటువంటి చరిత్రకారుడు లేడు. దాని చరిత్ర దాని ఒంటిమీదనే ఉన్నది.

అందుచేత కొన్న తరువాత పనులను మూడు భాగాలు చేసుకొంటే మంచిది. తప్పక చేయవలసినవి మొదటివి: బ్రేకులు, స్టీరింగు, టైర్లు, తీగెలు, పెట్రోలు తొట్టి. ఇవి ప్రాణానికి సంబంధించినవి. వీటిలో చరిత్ర పేర రాజీ పనికిరాదు. తీసిన పాత భాగాన్ని మాత్రం చీటీ కట్టి దాచవలెను. రెండవవి తొందరపడరానివి: రంగు, సీటు తోలు, గుడ్డటాపు. మూడవవి ముట్టుకోనేరానివి: నంబర్లు, పాత అతుకులు, యుద్ధకాలపు గుర్తులు, తలుపుమీద వ్రాసిన పేరు.

ధర నిర్ణయించేటప్పుడు కొన్న వెల ఒక్కటే చూడరాదు. లారీమీద తెచ్చే కూలి, లేని భాగాలు, బేరింగులు, కాగితాల ఖర్చు కలిపి చూస్తే, బాగుచేసే ఖర్చు కొన్న వెలను దాటడం మామూలే. వింటేజి క్రింద కొత్తగా రిజిస్ట్రేషను చేయించడానికి రుసుము 20,000 రూపాయలు, పది ఏండ్లకు చెల్లుతుంది, నంబరులో 'వి.ఏ.' అక్షరాలు ఉంటవి. ఆ బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ, పెట్రోలుకూ తప్ప నిత్యం తిప్పకూడదు. రోజూ ఆఫీసుకు పోవడానికి కారు కావలసినవారు కొత్తదే కొనడం మేలు.

చివరగా అమ్మేవారికి ఒక మాట. బండి గుమ్మం దాటకముందే ఇంటి పెద్దల దగ్గర కూర్చుని నాలుగు ప్రశ్నలడిగి వ్రాసుకొనండి. ఎవరి దగ్గర కొన్నారు? డ్రైవరు ఎవరు? ఎవరి పెండ్లికి మొదట తిరిగినది? ఎప్పుడు, ఎందుకు ఆగినది? ఈ సీమలో తెలుగు మనకు ఎక్కువగా నోటిమాటగానే నిలిచినది. బడిలో పిల్లలు చదివినది కన్నడం. అందుచేత మన ఇండ్ల కథలు కాగితమెక్కక, చెప్పేవారితోనే పోతున్నవి. కారుతోపాటు ఆ కాగితం ఒక ప్రతి కొన్నవారికిచ్చి, ఒక ప్రతి ఇంట ఉంచుకొనండి. అమ్మినవారిది పోయేది బండి మాత్రమే అవుతుంది; జ్ఞాపకం ఇంటనే ఉంటుంది.

ఈ ఉగాదికి ఊరు వెళ్లే మన సోదర కుటుంబాలు కొట్టంలోని దుమ్ము కప్పుకొన్న బండిని ఒక్కసారి తలుపు తెరచి చూచి రావలెనని, కడిగే ముందు చదువవలెనని కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.